కాలువ లేని రోడ్డుకి బిల్లు ఎందుకు?

మన్యంలో గూడేనికి గ్రావెల్ రోడ్డు వేస్తారు, ఫొటోలు దిగుతారు. రెండు గట్టి వానలకే గ్రావెల్ గెడ్డలో కలుస్తుంది. గర్భిణి మళ్లీ డోలీ ఎక్కాల్సిందే. అడిగితే "కొండ ప్రాంతం కదా, ఏం చేస్తాం" అంటారు.

రోడ్డుని తినేసేది నీళ్లు. అందుకే గ్రావెల్ కంటే ముందు కాలువ అడగాలి. కొండ వైపు పక్క కాలువ, నీరు అడ్డంగా దాటే ప్రతిచోటా తూము ఉండాలి. మెత్తమట్టి తీసేసి, గ్రావెల్ పొరలుగా పోసి, ప్రతి పొరనీ తడిపి రోలర్‌తో తొక్కించాలి. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు వాలుగా ఉంటేనే నీరు నిలవదు.

"ఫారెస్టు అనుమతి లేదు" అంటే 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(2) చూపించండి. గ్రామసభ సిఫార్సు చేస్తే, రోడ్డుకి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, అంతే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్రామసభ తీర్మానంలో "రోడ్డు కావాలి" అని రాసి ఆగొద్దు. కాలువ, తూము, రోలర్ అని కూడా రాయించండి. అంచనా కాపీ తీసుకోండి. పని జరిగే రోజు టేపు పట్టుకుని అక్కడే ఉండండి. కాలువ తవ్వకుండా పని పూర్తయిందంటే సంతకం పెట్టొద్దు.