భీమిలి నుండి బొర్రా దాక: ఒక ఏటి మాట



చాలా దినాల తరువాత ఈ పుటలో వ్రాస్తున్నాను. "ఇష్టమైన చోటికి మళ్ళీ పోరాదు, పోయినా ఒంటరిగా పోరాదు" అని మా మిత్రులొకరు తరచు అంటూ ఉంటారు. మొన్న కార్తిక మాసంలో ఈ రెండు నిషేధాలనూ ఒక్కసారే ఉల్లంఘించి వచ్చాను. వచ్చిన పిమ్మట నాకు కలిగిన అభిప్రాయం ఆయన మాటకు విరుద్ధంగా ఉన్నది. దానిని మీ ముందుంచుతున్నాను.

నాకు ఇష్టమైన ఊరు భీమునిపట్నం. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరది. డచ్చివారి సమాధులు, దీపస్తంభం, గడియారస్తంభం చూడడానికి జనం వస్తూ ఉంటారు. మా దంపతులకు మాత్రం గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఇష్టం. సెలవులు వస్తే ఒక సాయంకాలమైనా అక్కడ కూర్చోవలసిందే. ఒకనాడు మా ఆవిడ "ఈ ఏరు ఎక్కడ పుట్టిందండీ?" అని అడిగింది. తెలుగు పండితుణ్ణి కదా, నదిని గురించి అడిగితే నామాన్ని గురించి చెప్పాను. గోస్తని అంటే ఆవు పొదుగని, అనంతగిరి కొండలలో బొర్రా గుహ కప్పు రంధ్రం నుండి ఒక ఆవు లోపలికి జారిపడిందని, వెదుకుతూ వెళ్ళిన కాపరికి అక్కడ శివలింగం కనబడిందని, ఆ ఆవు పొదుగే ఈ నదికి జన్మస్థానమని స్థలకథ చెప్పాను. సంస్కృతంలో గోస్తనీ శబ్దానికి ద్రాక్ష అనే అర్థం కూడా ఉందని ముక్తాయించాను. ఆమె అంతా విని, "అది సరే, మీరు చూచారా?" అన్నది.

చూచాననే చెప్పాను. 1988లో 40 మంది విద్యార్థులను వెంటబెట్టుకొని అరకు, బొర్రా తిరిగి వచ్చినవాణ్ణే. కాని ఆ రెండు దినాలూ నేను చూచినది పిల్లల తలలను, అదీ లెక్క తప్పిపోకుండా. "అయితే ఈసారి ఇద్దరం పోదాం" అన్నది. ఏటేటా వాయిదా వేశాను. రెండేళ్ళ క్రిందట ఆమె వెళ్ళిపోయింది. వాయిదా మాత్రం మిగిలింది.

అందుకని ముందు భీమిలి వెళ్ళి, మా పాత చోట ఒక సాయంకాలం కూర్చున్నాను. మరునాటి ఉదయం విశాఖలో కిరండూల్ వెళ్ళే రైలెక్కాను. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపడానికి 1960వ దశకంలో వేసిన మార్గమది. కొండలను తొలిచి 50కి పైగా సొరంగాలు చేశారు. 2017లో ఈ రైలుకు అద్దాల పెట్టె కూడా చేర్చారు; నేను మామూలు పెట్టెలోనే కూర్చున్నాను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని వారంతా కేకలు పెట్టారు. 1988లో మా పిల్లలూ సరిగ్గా ఇలాగే అరిచారు, నేను ఇలాగే కోప్పడ్డాను. ఈసారి కోప్పడవలసిన బాధ్యత లేదు గనుక, ఆ కేకలు సంతోషంతో పెట్టినవని నాకు మొదటిసారిగా తెలిసింది.

బొర్రాలో దిగి గుహ చూచాను. ఆ పైన మెట్లన్నీ ఎక్కి వచ్చి, క్రింద లోయలో పారే గోస్తనిని చాలాసేపు చూస్తూ నిలుచున్నాను. భీమిలిలో అంత వెడల్పున పరుచుకొన్న ఏరు ఇక్కడ రాళ్ళ నడుమ సన్నగా, తొందరగా పోతున్నది. "చూచాను" అని చెప్పడానికి ప్రక్కన మనిషి లేదు. ఆ లోటు ఏ తర్కంతోనూ తీరదు. మా మిత్రుని మాటలో ఉన్న సత్యం అంతవరకే.

జీపులో అరకు చేరి వసతి అడిగితే, ఒకచోట "ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వమండీ" అన్నారు. ఒంటరిగా వచ్చిన ముసలివాడు బ్రతకడానికే వచ్చాడని వారికి నమ్మకమేమిటి? వారి భయం వారిది. మరొకచోట మా అబ్బాయితో ఫోనులో మాట్లాడించిన తరువాత తాళంచెవి ఇచ్చారు. జీవితమంతా పిల్లలకు అనుమతి పత్రాలు వ్రాయించినవాణ్ణి, నాకు మా అబ్బాయి అనుమతి కావలసివచ్చింది!

"అరకు పాడైపోయింది" అని నాతో రైలులో వచ్చిన ఒక పెద్దమనిషి అన్నాడు. హోటళ్ళు, వాహనాలు, ప్లాస్టిక్ సీసాలు పెరిగిన మాట నిజమే. అయితే ఆ సీసాలు కొండమీద మొలవలేదు, మనమే మోసుకొని వెళ్ళాము. 2014 హుద్‌హుద్ తుఫానుకు అక్కడి కాఫీతోటల నీడచెట్లు కూలిపోయాయి. మళ్ళీ నాటుకొని నిలదొక్కుకొన్నవారు గిరిజన రైతులు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక బొర్రా ప్రాంతంలో గనుల కౌళ్ళ మీద సమత అనే సంస్థ న్యాయపోరాటం చేయగా, షెడ్యూలు ప్రాంతాలలో గిరిజనేతరులకు గనుల కౌళ్ళు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కొండలు నేటికీ కొండలుగా ఉన్నాయంటే అందులో మన వంటి యాత్రికుల పుణ్యం ఏమీ లేదు. మన జ్ఞాపకం చెదరకుండా ఉండడం కోసం అక్కడివారు 1988లోనే ఆగిపోవాలని కోరడం అన్యాయం.

ఇక అసలు మాట. సంత దగ్గర పిప్పళ్ళు, అల్లం అమ్ముతున్న ఒక వృద్ధురాలి ప్రక్కన అరుగుమీద కూర్చున్నాను. వెంట ఎవరూ లేనివాడికి మాట్లాడడానికి ఎదుటివారే దిక్కు. "నీటిని మీ భాషలో ఏమంటారమ్మా?" అని అడిగాను. ఆమె నవ్వి, "మా అమ్మ 'ఏరు' అనేది బాబూ. మాకు తెలుగే. మా పిల్లలకైతే ఆ మాటలు రావు" అన్నది.

నాకు కొంతసేపు మాట రాలేదు. ఏరు! మన పాత నిఘంటువులలో శకటరేఫంతో 'ఏఱు' అని ఉండే మాట. మనకు ప్రవాహం, వారికి నీరు. కొండదొరల భాష తెలుగుకు సోదరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు దానిపై 1969లో ఒక గ్రంథమే వెలువరించారు. మన నోట ఏనాడో కలిసిపోయిన రేఫ శకటరేఫల భేదాన్ని ఆ భాష పలుకులో నిలుపుకొన్నది. ముప్ఫై ఏళ్ళకు పైగా బండి 'ఱ' ను నల్లబల్ల మీద వ్రాసి, "ఇది ఇప్పుడు ఎవరూ పలకరు" అని పాఠం చెప్పాను. 1988లో ఆ పలుకు ఉన్న కొండల మీదనే రెండు దినాలు తిరిగాను. ఒక్కరినీ ఒక్క మాటా అడగలేదు. పైగా "గిరిజనులు అమాయకులు" అని పిల్లలకు బోధించాను. అమాయకుణ్ణి నేను.

మిత్రులారా! ఇంగ్లీషు వచ్చి తెలుగును మింగుతున్నదని మనం ఎన్ని టపాలు వ్రాశాము! నేనూ వ్రాశాను, ఆ బాధ నిజమైనదే. కాని ఆ కొండమీద మింగుతున్నది మన తెలుగు. బడి, సంత, కార్యాలయం అన్నీ తెలుగులో ఉంటే తల్లి మాట పిల్లకు ఎట్లా అందుతుంది? ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కువి, కొండ, సవర మొదలైన 8 గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మొదలుపెట్టి, తెలుగు లిపిలో వాచకాలు వేశారు. అది మంచి పని. మాతృభాషలో చదువు కావాలని కోరే మనం, ఆ కోరికను వారి పక్షానా అంత గట్టిగా కోరకపోతే మనది భాషాభిమానం కాదు, స్వార్థం.

మా మిత్రునికి నా సమాధానం ఇదే. ఇష్టమైన చోటికి మళ్ళీ పోవాలి, వీలైతే ఒకసారి ఒంటరిగానూ పోవాలి. గుంపులో ఉన్నప్పుడు మనం మన మాటలే వింటాము. ఒంటరిగా ఉన్నప్పుడు అడగవలసివస్తుంది, అడిగితే వినవలసివస్తుంది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ భీమిలి వెళ్ళి అదే చోట కూర్చున్నాను. ఆమె ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర సరైన జవాబున్నది. పొదుగు కథ కాదు, ద్రాక్షార్థం కాదు. "చూచి వచ్చాను. అక్కడ ఏరు అంటే నీళ్ళేనట" అని మెల్లగా చెప్పి లేచాను.

కొండ, కువి భాషల మాటలు ఎరిగినవారెవరైనా ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయగలరు. వ్రాసి పెట్టుకొంటాను.

స్వస్తి.