బండకు తూకముంది, మరి బంతికో?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు తిరునాళ్ళలో బండలాగుడు పందేలు చూసినవాళ్ళకు ఒక సంగతి తెలిసే వుంటుంది. బండకు ఎడ్లను కట్టకముందు పెద్దమనుషులు వాటి మూతి పైకెత్తి పళ్ళు చూస్తారు. పాలపళ్ళ కోడెలకు ఒక బండ. రెండు పళ్ళు వేసినవాటికి ఇంకొకటి. నాలుగు పళ్ళవాటికి మరొకటి. ముదురు ఎడ్లకు అన్నిటికన్నా బరువైనది. ఎవడైనా పాలపళ్ళ జతను తోలుకొచ్చి పెద్దబండకు కట్టబోయాడా, చుట్టూ వున్న రైతులు వూరుకోరు. "ఏమప్పా, కోడెల్ని సంపుకుందామనుకున్న్యావా?" అని చేతిలో చెర్నాకోల లాక్కుంటారు.

ఇంత ధర్మం తెలిసిన ఆ రైతే సాయంత్రం ఇంటికొచ్చి, పదేళ్ళ కొడుకు చేతిలో మీసాలవాళ్ళు వేసే తోలుబంతి చూసి, "వెయ్‌రా అబ్బీ, గట్టిగా వెయ్, చెయ్యి ఇనుమైతాది" అని ముచ్చటపడతాడు. కోడెకున్న పాటి విలువ కొడుక్కి లేదా అని నేనడుగుతున్నాను.

ఇది నేను కల్పించిన తగాదా కాదు. క్రికెట్ నిబంధనల్లో వున్న మాటే. మగవాళ్ళ బంతి ఐదున్నర ఔన్సులకు తగ్గకూడదు, ఐదుముప్పావుకు మించకూడదు. అంటే 156 నుంచి 163 గ్రాములు. ఆ తూకం 1774 నుంచీ వున్నదే. ఆడవాళ్ళ బంతి 140 నుంచి 151 గ్రాములు. పదమూడేళ్ళ లోపు పిల్లలది 133 నుంచి 144. చుట్టుకొలతా అలాగే తగ్గుతుంది. పెద్దల బంతి 22.4 సెంటీమీటర్లకు తగ్గదు. పిల్లల బంతి 22 దాటదు. పాలపళ్ళు, రెండు పళ్ళు, ముదురు పళ్ళు అని అక్కడివాళ్ళూ విడదీసుకున్నారన్నమాట. మనం ఆ పుట తిరగేయలేదు, అంతే.

"ఇరవై గ్రాముల తేడాకు ఇంత రాద్ధాంతమా?" అనే పెద్దమనిషి ఒకడుంటాడు. ఆయన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయి, బంగారం అంగట్లో ఇరవై గ్రాములు తక్కువ తూచి చూపించండి. అప్పుడు తెలుస్తుంది ఇరవై గ్రాములంటే ఏమిటో!

అసలు చిక్కు బరువుతో ఆగదు. పిల్లవాడి వేళ్ళు పొట్టివి. పెద్దబంతిని చూపుడువేలూ నడిమివేలూ కుట్టు మీద పెట్టి, కింద బొటనవేలు ఆనించి పట్టుకోమంటే వాడి చేతికి అది నిలవదు. అందుకని ఐదు వేళ్ళూ అరచెయ్యీ కలిపి, లడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. లడ్డు పట్టు పట్టినవాడికి మణికట్టు ఆడదు. మణికట్టు ఆడనివాడికి స్పిన్నూ రాదు, స్వింగూ రాదు. పైగా 22 గజాల అవతలికి బంతి అందక మోచెయ్యి వంచి విసరడం మొదలెడతాడు. పదేళ్ళకు పడిన ఆ అలవాటును పద్దెనిమిదేళ్ళప్పుడు ఏ కోచ్ వచ్చి మాన్పిస్తాడు? మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాపితే అంతర్జాతీయ ఆటలో అది బౌలింగే కాదు. ఇంగ్లండులో చిన్నపిల్లలకు బంతితోపాటు పిచ్ పొడవు కూడా తగ్గిస్తారు. మన దగ్గర పదేళ్ళవాడూ తాతా ఒకే కొలత!

బౌలింగ్ అనే పేరుతోనే అమెరికాలో ఇంకో ఆట వుంది. మన సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు శనివారం సాయంత్రాలు పిల్లాజెల్లాతో పోతుంటారు. నున్నటి చెక్కనేల మీద గుండు దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టడమే ఆట. ఆ గుండు 16 పౌన్లు దాటకూడదని నియమం. ఆరు పౌన్ల నుంచి తేలికవీ బరువువీ వరసగా పేర్చి వుంచుతారు. పిల్లకొకటి, తల్లికొకటి, తండ్రికొకటి. గుండుకు వేళ్ళు దూర్చే బొక్కలుంటాయి. ఆట మీద శ్రద్ధ వున్నవాడు తన వేళ్ళ కొలత ఇచ్చి మరీ తొలిపించుకుంటాడు. వాళ్ళు పోయింది పొద్దుపోకకు, తిని తాగి రావడానికి. దానికే అంత చూసుకుంటారు. ఇక్కడ మన పిల్లవాడు ఆటే బతుకనుకుని కలలు కంటుంటే, వాడి చెయ్యి కొలిచే నాథుడు లేడు.

పెద్దముడియం సంగతే తీసుకోండి. కుందూ ఒడ్డున నల్లరేగడి. శనగ పీకేశాక వేసవిలో చేలు బీళ్ళవుతాయి, నేల నెర్రెలు విచ్చుతుంది, పిల్లలు దిగుతారు. బంతి నెర్రె అంచున తగిలి మూరెడు అడ్డం తిరిగితే "ఏం స్పిన్నురా సామీ!" అని వూరంతా చప్పట్లు. అది పిల్లవాడి గొప్ప కాదు, భూదేవి గొప్ప. మరునాడు జమ్మలమడుగులో చదునైన పిచ్ మీద వాడు అదే బంతి వేస్తే ముక్కుసూటిగా పోయి బ్యాటు మధ్యలో తగులుతుంది. వాడు బిక్కమొహం వేసుకుని తిరిగి వస్తాడు. తప్పు వాడిదా? చాళుక్యుల కథలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాణ్ణి కడుపులో పెట్టుకుని పెంచిన ముదివేము అగ్రహారం ఈ పెద్దముడియమేనని చరిత్రకారులు చెబుతారు. పరాయి పిల్లవాడికి అంత చేసిన వూరు సొంత పిల్లలకు ఒక సిమెంటు పట్టీ పోయించి, పైన నారచాప పరవలేదా?

ఇక టెన్నిస్‌బంతి పార్టీవాళ్ళ సంగతి. వీళ్ళ వాదం గట్టిదే. చవక, దెబ్బ తగలదు, ప్యాడ్లూ గ్లవ్సులూ అక్కర్లేదు. ఏడెనిమిదేళ్ళవాడికి టెన్నిస్‌బంతే సరి, నాకు పేచీ లేదు. కాని అది అరవై గ్రాములు కూడా తూగదు, దానికి తోలుబంతి కుట్టు లేదు. కుట్టు లేని బంతితో కుట్టు నిలబెట్టి వేయడం ఎవడు నేర్చుకుంటాడు? పైగా టెన్నిస్‌బంతి పందేల్లో మోచెయ్యి సంగతి అడిగేవాడే లేడు. ఎవడు గట్టిగా విసిరితే వాడే ఫాస్ట్ బౌలరు.

"మరి సిరాజ్?" అంటారు వెంటనే. అవునండీ, మహమ్మద్ సిరాజ్ హైదరాబాదులో టెన్నిస్‌బంతితోనే ఎదిగాడు. 2015లో హైదరాబాదు తరఫున రంజీ ఆడాడు. 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు ఆడాడు. ఆయనకు దండం. కాని బావిలోకి తోస్తే ఈత నేర్చుకున్నవాడు గట్టెక్కి వచ్చి కథ చెబుతాడు. మునిగినవాడు చెప్పడానికి రాడు. సిరాజ్‌తోపాటు అదే వయసులో అదే బంతి విసిరి, ఇవాళ ఆటోలు తోలుకుంటూ భుజం నొప్పికి బామ్ రాసుకునేవాళ్ళ పేర్లు మనకు తెలియవు.

బంతి కొనే తండ్రులకూ మామలకూ ఒక మాట. అంగట్లో మెరుపు చూసి మోసపోకండి. అది పైపూత. ముందు "ఎవరి తూకం బంతి?" అని అడగండి. అంగడివాడు తెల్లమొహం వేస్తే పక్కనున్న కిరాణాకొట్టు కాటా మీద పెట్టించండి, సిగ్గేముంది? తర్వాత కడప బండ మీద నెమ్మదిగా దొర్లించండి. ఆ బండలు మన ఇళ్ళ నిండా వున్నవే. గుండ్రంగా వున్న బంతి సూటిగా పోతుంది, వంకరది తాగినవాడిలా తూలుతుంది. గోటితో కుట్టు నొక్కి చూడండి, దారం లేవకూడదు. రెండు ముక్కల తోలుతో కుట్టినది చవక, సాధనకు చాలు. నాలుగు ముక్కలది ఖరీదు, పందేలకు దాచుకోండి. ఎర్రదే కొనండి, తెల్లబంతి మన రేగడిలో పది ఓవర్లు తిరక్కుండానే మట్టిముద్ద అవుతుంది. చివరికి, అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లవాణ్ణి వెంట తీసుకుపోండి. వాడు రెండు వేళ్ళతో కుట్టు మీద పట్టినప్పుడు బంతికీ అరచేతికీ మధ్య సందు కనపడాలి. అరచెయ్యి అంటుకుపోయిందంటే ఆ బంతి వాడిది కాదు. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూపిస్తాం కదా, అంతకంటే పెద్ద విద్యేం కాదిది.

తగిన బంతి దొరికాక సాధన తేలిక కాదు గాని తిన్నగా వుంటుంది. పిచ్ మీద ఒక చేతిరుమాలు పరిచి, అవతల ఒకే ఒక్క స్టంపు పాతి, బ్యాటు పట్టినవాడెవడూ లేకుండా వెయ్యమనండి. అడుగులు లెక్కపెట్టి, రోజూ ఒకే చోటు నుంచి పరుగెత్తమనండి. రుమాలు మీద ఎన్ని పడ్డాయో వాడే గోడ మీద బొగ్గుతో రాసుకుంటాడు. స్పీడు గోల తర్వాత. మనవాళ్ళకు స్పీడు పిచ్చి ఎక్కువ, గంటకు ఎన్ని కిలోమీటర్లని బస్సునడిగినట్టు అడుగుతారు. ఎక్కడ పడిందని అడిగేవాడు అరుదు. ఇంకొకటి, ఎముక ముదరని కుర్రాడి చేత రోజూ విశ్రాంతి లేకుండా ఫాస్ట్ బౌలింగ్ వేయిస్తే నడుము ఎముకలో సన్నటి పగుళ్ళు వస్తాయి. దేశవిదేశాల్లో కుర్ర బౌలర్లను పెద్ద సంఘాలవాళ్ళు బంతులు లెక్కపెట్టి మరీ ఆపుతున్నది అందుకే. మన దగ్గర "నొప్పిగా వుంది" అంటే "ఆడదానివా?" అంటారు.

ఆ మాట వచ్చింది గనక చెబుతున్నాను. ఈ జిల్లాలోనే, వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెలో పుట్టిన పిల్ల శ్రీచరణి. ఎడమచేతి స్పిన్నరు. 2025లో మహిళల ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది. ఆ నవంబరు 2న నవీముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచిన జట్టులో వుంది. ఆరోజు మన ఇళ్ళల్లో టీవీల ముందు మీసాలు తిప్పినవాళ్ళెంతమంది! ఆమె వేసిన బంతి ఆడవాళ్ళ తూకం బంతి, తన చేతికి తగినది. మన మండలాల్లో ఎన్ని హైస్కూళ్ళ బీరువాల్లో ఆ తూకం బంతి ఒక్కటైనా వుందో తాళం తీయించి చూడండి. "ఆడపిల్లకు బంతి దేనికిలే" అన్న నోటితోనే "మా కడప బిడ్డ" అంటే నోరు నొయ్యదా?

డబ్బు లేక కాదు. సంక్రాంతికి వూరూరా టోర్నమెంట్లు. షామియానా, మైకు, నిలువెత్తు కప్పు, దాతగారి ముఖం ఏనుగంత చేసి కట్టిన ఫ్లెక్సీ. వారం తిరక్కుండా ఆ ఫ్లెక్సీ ఎవరి గడ్డివామి మీదికో పోతుంది. కప్పు గెలిచినవాళ్ళ ఇంట్లో అటక ఎక్కుతుంది. ఆ కప్పు ఒక జానెడు పొట్టిదైతే స్కూలుకు సరిపడా పిల్లల బంతులొస్తాయి. దాతలు కోప్పడరని నా నమ్మకం. కావాలంటే బంతుల డబ్బా మీద వారి పేరు ఎంత పెద్ద అక్షరాలతోనైనా రాయిద్దాం. బ్యాటుకు మాత్రం ఎక్కడలేని మర్యాద, స్టిక్కరు చూసి వేలకు వేలు పోస్తారు. ఓవరంతా చెమటోడ్చేవాడు మాత్రం చిరిగిన బంతినే తొడకు రుద్దుకుంటూ వుండాలి.

అందుకని ఈసారి టోర్నమెంటు చందాకు కుర్రాళ్ళు మీ గడపలోకి వస్తే ముందొక ప్రశ్న వెయ్యండి. "బంతులెన్ని తెస్తాండారప్పా, ఏ తూకాలవి?" అని. "ఒకటే అన్నా, ఫైనల్‌కు కొత్తది" అన్నారంటే, మంచినీళ్ళిచ్చి, చందా పుస్తకం మూసి మళ్ళీ వాళ్ళ చేతికే ఇవ్వండి.