లారీ డ్రైవరు నేర్పిన నూడుల్సు

హీరో లారీ డ్రైవరు. నెత్తిన కౌబాయ్ టోపీ. హీరోయిన్ భర్త పోయిన మనిషి, ఓ పిల్లాడి తల్లి. బేరాల్లేని చిన్న నూడుల్సు కొట్టు నడుపుకుంటూ వుంటుంది. ఓ రాత్రి లారీ ఆ కొట్టు ముందు ఆగుతుంది... ఇక అక్కణ్ణించీ ఫైటింగులు తక్కువ, వంట ఎక్కువ! 1985లో జూజో ఇటామి తీసిన జపాన్ చిత్రం ‘టాంపోపో’ కథ ఇది. హీరోయిన్‌గా వేసిన నొబుకో మియామొటో దర్శకుడి సతీమణే. రసం రుచి కుదరడానికి ఆవిడ పడే పాట్లు చూస్తుంటే మనకే చెమటలు పడతాయి. వీలైతే చూడండి. ఖాళీ కడుపుతో మాత్రం కూర్చోకండి సుమా!

ఈ సినిమా గురించి కబుర్లాడటానికి మా విశాఖ ఆటోనగర్‌ని మించిన చోటేది? గాజువాక పక్కనున్న ఈ పేట లారీలకి పెద్దాసుపత్రి. పగలంతా సుత్తి దెబ్బలూ వెల్డింగు మెరుపులూ. పొద్దుగూకితే చికెన్ నూడుల్సు బండ్లమీద గరిటె మోత.

నా పక్క వాటాలో వుండే పిన్నిగారికి ఆ మోత వింటేనే ఒళ్లు మంట. కొడుకు లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. రోజూ రాత్రి పొట్లం కట్టించుకొచ్చి గోడకి ఆనుకుని తినేస్తాడు. తల్లి వండింది ముట్టడు. “నాకొక్కదానికే పొయ్యి ఎలిగించడం దేనికి బాబూ” అంటూ ఆవిడ రెండు నెల్లుగా రాత్రిళ్లు మజ్జిగ తాగి పడుకుంటోంది. అబ్బాయిలూ, మీలో ఎందరిళ్లలో ఈ సీను నడుస్తోందో!

ఆవిడకి నేను ‘టాంపోపో’ కథ చెప్పాను. పిండితో తీగలు ఇంట్లోనే చేసుకోవచ్చన్నాను. “పాల తాలికలే కదేటి! కాస్త పొడుగు, అంతే” అని తేల్చేసిందావిడ. 1983లో మ్యాగీ పొట్లాలు మన దేశంలో అడుగుపెట్టినప్పట్నించీ నూడుల్సంటే కొనేవే గానీ కలిపేవి కావని మనకో నమ్మకం. వినాయకచవితికి తాలికలు చేసే చేతులకి ఆ భయం లేదు.

తేడా ఒక్కటే. బియ్యప్పిండిలో సాగే జిగురుండదు. అందుకే మరిగే నీళ్లలో పోసి ఉడకబెడతాం. మైదాకి ఆ జిగురు పుట్టుకతోనే వుంది. రెండు కప్పుల మైదా, రెండు గుడ్లు, అరచెంచా ఉప్పు, చాలకపోతే చెంచా చెంచాగా నీళ్లు. పూరీ పిండికన్నా గట్టిగా పది నిమిషాలు పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యాలి. ఇంటర్వెల్ అన్నమాట! అది లేకుండా ఒత్తితే పిండి రబ్బరులా వెనక్కి లాక్కుంటుంది. తర్వాత అప్పడాల కర్రతో పల్చగా ఒత్తి, పొడిపిండి చల్లి, మడతపెట్టి కొయ్యడమే. బూటు లేసంత వెడల్పు చాలు. 1925 నాటి ‘గోల్డ్ రష్’లో చాప్లిన్ ఆ లేసుల్నే నూడుల్సులా చుట్టుకు తిన్నాడు గదా!

ఈలోగా ముప్పావుకిలో నాటుకోడి, ఎముకలతో సహా, రెండు లీటర్ల నీళ్లలో అల్లం, ఉల్లిపాయ, మిరియాలు, పసుపు, ఉప్పుతో సన్నటి సెగమీద గంటన్నర. మెత్తబడ్డాక ముక్కలు తీసి, ఎముకలేరి, కండ చీల్చి మళ్లీ అందులోనే వెయ్యాలి. తీగల్ని విడిగా ఉడికించి నీళ్లు పారబొయ్యకండి. ఆ రసంలోనే వేస్తే నాలుగైదు నిమిషాల్లో ఉడుకుతాయి, అంటుకున్న పొడిపిండి రసాన్ని చిక్కబరుస్తుంది. బండిమీది సాసులు చెయ్యలేని పని అది.

ఆదివారం రాత్రి కుర్రాడు పొట్లంతోనే వచ్చాడు. తల్లి మాట్లాడకుండా గిన్నె ముందు పెట్టింది. “సాసు లేదా?” అన్నాడు. లేదంది. రెండు ముద్దలు తిన్నాడు, ఆపాడు, మళ్లీ తిన్నాడు. ‘టాంపోపో’ చివర్లో గిన్నెలెత్తి అడుగు చుక్కదాకా తాగుతారే, అచ్చం అలాగే తాగేశాడు! విప్పని పొట్లం నా వాటాకొచ్చింది. చల్లారిపోయింది గానీ, పారెయ్యలేదు లెండి.

మరుసటి ఆదివారం పిండి పిసికింది వాడే. కొయ్యడానికి షెడ్డులోంచి స్టీలు స్కేలు తెచ్చి, సబ్బుతో రెండుసార్లు కడిగి, గీత గీసినట్టు కోశాడు.

“ఇది తాలికేటిరా, బాడీ కడతన్నావా?” అంది పిన్నిగారు, తనకీ ఓ గిన్నె పెట్టుకుంటూ.