నీచు వాసనకు అగరొత్తి మందు కాదు
చేపల పులుసు కాచిన ఇంట్లో వెంటనే అగరొత్తి వెలిగించడం, రూమ్ ఫ్రెషనర్ కొట్టడం మానేయాలన్నది నా గట్టి అభిప్రాయం. వాటివల్ల నీచు పోదు, దానికి మరో వాసన తోడవుతుంది. పైగా ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. సముద్రపు చేపల్లో నీచుకు ముఖ్య కారణం ట్రైమిథైలమిన్ అనే క్షార పదార్థం. పులుపు తగిలితే అది లవణంగా మారి, గాలిలోకి లేవడం తగ్గిపోతుంది. అమ్మమ్మలు చేపముక్కల్ని ఉప్పు, చింతపండు రసంతో రుద్ది కడిగింది ఊరికే కాదు. కత్తిపీటనీ, పళ్లేన్నీ, సింకునీ కూడా నిమ్మచెక్కతో రుద్దితే సగం బాధ తీరుతుంది. వేపుళ్ల సంగతి వేరు. మూకుట్లోంచి లేచే కంటికి కనపడని నూనె తుంపర్లు కర్టెన్లకీ, సోఫా గుడ్డకీ, ఫ్యాను రెక్కలకీ అంటుకుని, గాలి తగిలి పాడై వాసన కొడతాయి. కర్టెన్లు ఉతకందే, అల్మరాల పైభాగం వేడి సబ్బునీళ్లతో తుడవందే అది వదలదు. అసలు రోజూ తాలింపు ఘాటెత్తే మన ఇళ్లకు, హాల్లో కలిపేసిన ఓపెన్ కిచెన్లు కట్టి అమ్మడమే అన్యాయం. బయటికి గొట్టం లేని చిమ్నీ బొగ్గు ఫిల్టరు గుండా గాలిని మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. కొన్నాళ్లకు ఆ బొగ్గూ పనిచేయదు. ఫ్లాటు చూడబోయినప్పుడు టైల్స్ రంగు కన్నా ముందు, గొట్టం బయటికి పోయే దారి ఉందా, ఎదురెదురు కిటికీలున్నాయా అని అడగండి. ఉన్న ఇంట్లో అయితే పొయ్యి వెలిగించకముందే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, కూర దించాక కూడా పావుగంట తిరగనివ్వండి.