చప్పట్లు సరే, వల ఏదీ?

చిన్నప్పుడు మా పెరట్లో జామచెట్టుండేది. నేను దాని కొమ్మ పట్టుకుని తలకిందులుగా వేళ్ళాడుతుంటే మా నాయనమ్మ వసారాలోంచి ఒక్క కేక పెట్టేది. "ఆడపిల్లవా, దొమ్మరిదానివా? దిగు ముందు!" అని. నేను దిగేదాన్ని. మీరూ దిగే ఉంటారు. జామచెట్టు కాకపోతే పిట్టగోడ, పిట్టగోడ కాకపోతే అటక. ఆ తిట్టు వినకుండా పెరిగిన తెలుగింటి ఆడపిల్లలు ఎందరుంటారో చెప్పండి!

అది తిట్టు కాదనీ, ఒక కులం పేరనీ, వాళ్ళు గడలెక్కి, తాళ్ళమీద నడిచి, ఊరూరా ఆటలాడి పొట్టపోసుకునేవాళ్ళనీ నాకు చాలా ఏళ్ళదాకా తెలీదు. తాము గడ వంశీయులమని వాళ్ళు చెప్పుకుంటారు. తరతరాలుగా ఒళ్ళొంచి నేర్చుకున్న విద్య అది. దాన్ని మనం పిల్లల్ని కసురుకోవడానికి వాడుకున్నాం. వీణ నేర్చుకునే పిల్లని "ఏమిటే ఆ మీటుడు!" అని కసిరిన నాయనమ్మ ఉందా? అదీ చేతివేళ్ళతో చేసే సాధనే, ఇదీ అరికాళ్ళతో చేసే సాధనే. అంత తేడా ఎందుకొచ్చినట్టు?

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తానంటే, రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో మా విశాఖపట్నం బీచ్‌లో మూడు రోజుల వేడుక జరిగింది. ఎవరు జరిపారో చెప్పను. చెబితే తగువు వాళ్ళతో అయిపోతుంది. నా తగువు వాళ్ళతో కంటే మనతో ఎక్కువ.

ఇసకలో పెద్ద వేదిక. రంగురంగుల దీపాలు. ముంత మసాలా బళ్ళు, మొక్కజొన్న పొత్తులు, బెలూన్లు. మా మనవరాలిని తీసుకుని నేనూ, పక్కింటి పిన్నిగారూ వెళ్ళాం. ఇంద్రజాలం అయింది. మిమిక్రీ అయింది. ఒక జోకరు ఒంటిచక్రం సైకిలు తొక్కుతూ పడిపోయినట్టు నటించి పిల్లల్ని నవ్వించాడు. మధ్యమధ్య ముఖ్య అతిథుల పేర్లు, బిరుదులతో సహా, రెండేసిసార్లు చదివారు. శాలువాలు కప్పారు. చిట్టచివర మైకులో, "ఇప్పుడు మీ ముందుకు ఒక సాహస యువతి!" అన్నారు. అంతే. పేరు లేదు.

ఇసకలో పాతిన రెండు ఇనప స్తంభాలు, వాటి మధ్య బిగించిన తీగ. రెండంతస్తుల మేడంత ఎత్తుంటుంది. ఆ అమ్మాయికి ఇరవయ్యేడో, ఇరవయ్యెనిమిదో ఉంటాయి. తళుకుల బట్టలు, చేతిలో పొడుగాటి కర్ర. ఆ కర్ర సోకుకి కాదండోయ్. బరువు అటూ ఇటూ దూరంగా పరుచుకోవడం వల్ల ఒళ్ళు పక్కకి ఒరగడం నెమ్మదిస్తుంది. సర్దుకోవడానికి ఆ ఒక్క క్షణం దొరుకుతుంది. ఆ క్షణం మీదే ఆమె బతుకు.

సగం దూరం వచ్చేసరికి సముద్రం మీంచి గాలి విసిరింది. తీగ ఊగింది. ఆమె ఆగింది. వేలమంది జనం ఒక్కసారిగా గుక్క బిగబట్టారు. అప్పుడు చూశాను నేను, ఆమె కింద ఏమీ లేదు. ఇసకా, దానిమీద పరిచిన ఒక పాత జంపఖానా. వేదిక వెనక కాస్త దూరంలో మాత్రం జాలరివాళ్ళు ఆరబెట్టుకున్న వలలు కుప్పలుకుప్పలుగా పడి ఉన్నాయి. చేపకి ఉన్న వల మనిషికి లేకపోయింది.

ఆమె అవతలి కొసకి చేరింది. చప్పట్లు మారుమోగిపోయాయి. నేనూ అరచేతులు మండేలా కొట్టాను. పిన్నిగారు కూడా కొట్టి, నా చెవిలో, "ఎంత పొట్టకోసమైతే మాత్రం, ఆ బట్టలేమిటమ్మా!" అన్నారు.

తిరిగి వస్తుంటే వెనకనించి ఎవరో పిలిచారు. తళుకుల బట్టలమీద పాత దుప్పటి కప్పుకుని ఆ అమ్మాయే! "అమ్మగారూ, మీ ఇల్లు ఇక్కడేనా? ఒక్కసారి బాత్రూముకి వెళ్ళొస్తానమ్మా" అంది. ముఖ్య అతిథులకి చలవ గది కట్టిన చోట, ఆటాడేవాళ్ళకి మరుగు లేదట. మధ్యాహ్నం నించీ మంచినీళ్ళు ముట్టలేదట.

"నీళ్ళు తాగకుండా అంతెత్తు ఎక్కితే కళ్ళు తిరగవుటమ్మా?" అన్నాను.

"తాగితే ఇంకా కష్టం కదమ్మా" అంది నవ్వుతూ.

లోపలికి రమ్మన్నాను. రమ్మనే ముందు ఒక్క క్షణం తటపటాయించానని కూడా ఒప్పుకోవాలి. టీ పెట్టాక నా చెయ్యి దానంతటదే పనిమనిషికి విడిగా ఉంచిన స్టీలు గ్లాసు వైపు వెళ్ళింది. అరగంట కిందట అరచేతులు మండేలా చప్పట్లు కొట్టిన చెయ్యే అది! సిగ్గుపడి కప్పు తీశాను. తీశానని గొప్ప చెప్పుకోవడం లేదు. ముందు ఎటు వెళ్ళిందో చెబుతున్నాను.

టీ తాగుతూ చెప్పింది. వాళ్ళ తాతలు గడ ఎక్కినవాళ్ళు. తను కొన్నాళ్ళు సర్కసు కంపెనీలో చేసింది. డేరా మూతపడ్డాక ఇలా ఉత్సవాలకి, వార్షికోత్సవాలకి వెళుతోంది. "తీగంటే భయం లేదమ్మా. గాలంటేనే భయం. ఉప్పుగాలికి తీగ చెమ్మగిల్లి కాలు నిలవదు" అంది. మరి వల కట్టరేం అంటే, "వలకి వేరే స్తంభాలు కావాలి, ఇంకో బండి, ఇంకో నలుగురు మనుషులు. అంత డబ్బు ఎవరిస్తారు? అయినా వలుంటే జనానికి మజా ఉండదంటారమ్మా" అంది.

జనం అంటే ఎవరమ్మా? నేనూ, మీరూ, పిన్నిగారూ.

మర్నాడు ఈ సంగతి చెబితే మా వాటాల్లో తలో మాటా అన్నారు. ఆ మాటలన్నిటికీ అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

మొదటి మాట: "ఇలాంటి ఆటలు అసలు ఆపించెయ్యాలి." దయగల మాటలాగే ఉంటుంది. మన దేశంలో సర్కసుల్లో ఆపించాల్సినవి కొన్ని ఆపించారు కూడా. 1998లో పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతులతో ఆటలాడించకూడదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. సర్కసువాళ్ళు కోర్టుకెక్కితే 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. 2011 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు, సర్కసుల్లో పిల్లలచేత పనిచేయించడాన్ని నిషేధించమని ఆదేశించింది. రెండూ మంచివే. పులి బోను ఇరుకని కొలిచారు, పసిపిల్లల వయసు లెక్కపెట్టారు. ఈ అమ్మాయి పులీ కాదు, పసిపిల్లా కాదు. పని వచ్చిన పెద్ద మనిషి. అందుకని ఆమె కింద వల ఉందా లేదా అని చూసేవాళ్ళు లేకపోయారు. పనిచేసేవాళ్ళకి కావలసింది పని మాన్పించడం కాదు, పనిలో ప్రాణం నిలబెట్టడం. బొగ్గుగనిలో ప్రమాదం ఉందని పనివాడిని ఇంటికి పంపేస్తున్నామా, నెత్తికి టోపీ పెడుతున్నామా?

రెండో మాట: "వలుంటే ఇంక చూడ్డానికేముంది?" ఈ మాట అన్నది బాగా చదువుకున్నావిడే. పోల్‌వాల్టు దూకేవాళ్ళకి కింద అంతంత మందాన పరుపులు వేస్తారు. దాంతో పతకం విలువ తగ్గిందా? మనం చూడ్డానికి వెళ్ళింది నడకనా, పాటునా? పడుతుందేమోనన్న ఆశ లేకపోతే చూడబుద్ధి కాదంటే, ఆ లోపం ఆటలో లేదు.

మూడో మాట: "వాళ్ళకి అలవాటేలే, పడరు." లిలియన్ లైట్జెల్ అని అమెరికా సర్కసుల్లో మహారాణిలా వెలిగిన కళాకారిణి ఉండేది. ఆవిడకున్న అలవాటు మరొకరికి లేదు. 1931 ఫిబ్రవరిలో కోపెన్‌హేగన్‌లో ఆడుతుండగా కిందపడి, రెండు రోజులకి చనిపోయింది. ఆవిడ చెయ్యి జారలేదు. ఆవిడ పట్టుకున్న కడియాన్ని పైన కట్టిన కీలు విరిగింది. సాధనలో లోటు లేకపోయినా సామానులో లోటుంటే ప్రాణం పోతుంది. ఇసకలో పాతిన ఆ రెండు స్తంభాల్నీ ఆ సాయంత్రం ఎవరు పరీక్షించారు? శాలువాల లెక్క చూసుకున్నవాళ్ళు బోల్టుల లెక్క చూశారా?

నాలుగో మాట: "సముద్రం ఒడ్డున గాలుండక ఏముంటుంది?" నిజమే. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ కూడా సముద్రం ఒడ్డే. గాలికి పేరుపడ్డ ఊరే. అక్కడ 1894లో ఒక ఇనప గోపురం కట్టి, దాని నాలుగు కాళ్ళ మధ్యా సర్కసుకి గోడలతో, కప్పుతో శాశ్వతమైన భవనం కట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. మనం భవనమే కట్టాలని అనను. గాలి ఎక్కువైన రోజున తీగమీది ఆట ఆపి, అయినా ఆమె డబ్బు ఆమెకిచ్చి పంపొచ్చుగా!

ఇక పిన్నిగారి బట్టల మాట. కాళ్ళకి అడ్డంపడే చీర కట్టుకుని తీగమీద నడవమనడం, కళ్ళకి గంతలు కట్టి సూదిలో దారం ఎక్కించమన్నట్టుంటుంది. పని ఎలాంటిదో బట్టలూ అలాంటివే. ఈతకొలనులో దిగే మనవరాలి బట్టలు మనకి ఎబ్బెట్టుగా లేవు కదా!

అసలు సంగతి వేరే ఉంది. మా బీచ్ రోడ్డులో కోడి రామమూర్తిగారి విగ్రహం ఉంది. శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో పుట్టి, గుండెమీద ఏనుగుని ఎక్కించుకుని, ఇనప గొలుసులు తెంచి, సర్కసు కంపెనీ పెట్టి దేశమంతా తిరిగిన కలియుగ భీముడాయన. విగ్రహం పెట్టాల్సిందే, పెట్టారు. ఆ రోజుల్లోనే బెంగాలులో ప్రొఫెసర్ బోసు సర్కసులో సుశీలాసుందరి అనే అమ్మాయి పులుల బోనులోకి ధీమాగా నడిచి వెళ్ళేది. ఆవిడ పేరు మీలో ఎంతమంది విన్నారు? సర్కసులో మగవాడి కండ దేశానికి గౌరవం. ఆడదాని కండ పెరట్లో పిల్లని దింపడానికి తిట్టు.

కేరళలో తలశ్శేరి కూడా సముద్రం ఒడ్డునున్న ఊరే. కీలేరి కుంజికణ్ణన్ అనే గురువు 1901లో ఆ ఊళ్ళో సర్కసు విద్యకి శిక్షణాలయం పెట్టాడు. అక్కడినించి బయల్దేరినవాళ్ళే మన దేశపు సర్కసు డేరాలని నిలబెట్టారు. 2010లో ప్రభుత్వం అక్కడ ఒక సర్కసు అకాడమీ తెరిచింది. పాపం, కొన్నేళ్ళకే మూతపడింది. అయినా ఆ రాష్ట్రం, వయసు మళ్ళిన సర్కసు కళాకారులకి పింఛను ఇవ్వాలని గుర్తించింది. అంటే అది కూడా ఒక ఉద్యోగమే అని ఒప్పుకుంది. మనం ఆ మాత్రం ఒప్పుకోవడానికి ఏం అడ్డం?

ఇదంతా ప్రభుత్వానికి చెప్పాలిగాని మాకెందుకంటారా? ఉత్సవాలు ప్రభుత్వాలే జరపవు. మన కాలనీ సంఘాలు జరుపుతాయి, పిల్లల బడులు జరుపుతాయి, మహిళామండళ్ళు జరుపుతాయి. చందా ఇచ్చేది మనం. ముందు వరసలో కూర్చునేది మనం. చందా పుస్తకం తెచ్చినవాళ్ళని కూరగాయలవాడిని అడిగినట్టు అడుగుదాం. తీగ కింద వలో, నడుముకి కట్టే తాడో ఉంటుందా? స్తంభాలు ఎవరు చూస్తారు? ఆడవాళ్ళకి బట్టలు మార్చుకునే గదీ, మరుగూ ఉన్నాయా? ప్రమాదానికి బీమా కట్టారా? ఆ రాత్రే డబ్బు చేతికిస్తారా? మైకులో ఆమె పేరు చెబుతారా? లేదంటే, "అయితే ఆ ఒక్క ఆటా వద్దు, ఆమెకి ఇస్తానన్నది మాత్రం ఇవ్వండి" అందాం. చీర అంచు ఒక్క పోగు పోయిందని కొట్టువాడితో గంటసేపు వాదించగల వాళ్ళం, ఇది అడగలేమా?

మొన్న వంటింట్లో పనిలో ఉండగా మా మనవరాలు బాల్కనీ గదిలో కిటికీ ఊచలు పట్టుకుని పైదాకా పాకింది. "అమ్మమ్మా, చూడు!" అని ఒక చెయ్యి వదిలేసింది. నా గుండె గుభేలుమంది. మా నాయనమ్మ తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

పక్కగదిలోంచి పరుపు ఈడ్చుకొచ్చి దాని కింద వేశాను.