పోటీ పరీక్షల పుస్తకాల మధ్య ఒక నవల పెట్టండి



మచ్చ బొల్లారం, అల్వాల్ వైపు కిరాయి గదుల్లో ఉండి చదువుకునే మన పిల్లలకు ఒక ప్రశ్న బాగా తెలుసు: "మీరు అడవిలో ఏం తింటరు?" అడిగేది పదిహేనేళ్ల పిల్లగాడు. వాడు చెడ్డోడు కాదు. సినిమాల్లో ఈకలు పెట్టుకుని ఎగిరేటోళ్లను తప్ప మనల్ని ఎన్నడూ చూడలేదు. పాఠంలో కొమురం భీం ఉంటాడు గానీ, అక్కడ ఆయన ఒక నినాదం, 1940 అనే ఒక సంవత్సరం. రాస్తే మార్కు పడ్తది, అంతే.

నవల అట్ల వదిలిపెట్టదు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' పట్టుకున్న పిల్లగాడు ఆయన వెంట నడవాల్సిందే: సిద్దిఖీతో గొడవ, ఊరిడిసి పారిపోవడం, అస్సాం తోటల్లో కూలి, మళ్లీ వెనక్కి రావడం. జోడేఘాట్ దాకా వచ్చేసరికి, తూటాలకు పడిపోయేది ఎవరో 'గిరిజన నాయకుడు' కాదు, తనకు తెలిసిన మనిషి.

సాహిత్యం కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసును గుర్తించే శక్తి పెరుగుతుందని 2013లో 'సైన్స్' పత్రికలో ఇద్దరు పరిశోధకులు రాశారు. 2016లో వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. నాకైతే ఇందులో వింతేం లేదు. పది నిమిషాల్లో ఎవరూ మారరు. ఒక మనిషితో రెండు వందల పేజీలు బతకాలి, అదీ మనసు ఇంకా గట్టిపడని వయసులో.

ఇది వాళ్లకే కాదు, మనకూ వర్తిస్తది. పందులు మేపేటోళ్లను చూసి ముక్కు మూసుకునేటోళ్లు మనలో లేరా? కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చదవండి. తప్పిపోయిన సూడి పంది కోసం ఒక ముసలాయన రాత్రంతా అడవిలో తిరుగుతాడు. ఆయనతోపాటు తిరిగినంక ముక్కు మూసుకోవడానికి చెయ్యి లేవదు.

"మన గురించి రాసింది ఎక్కువ బయటోళ్లే కదా" అంటారు. నిజమే. నవల చదివి కన్నీళ్లు పెట్టుకున్నంత మాత్రాన పోడు పట్టా రాదు. 2006 అటవీ హక్కుల చట్టం అమలు కావాలంటే కొట్లాడాల్సిందే. కానీ రేపు ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టే అధికారి ఇవ్వాళ ఎక్కడో పదో తరగతి చదువుతున్నాడు. ఆయన మనల్ని మనుషులుగా ఎరిగి పెరిగాడా లేదా అన్నది చిన్న సంగతి కాదు. మన కథ మనమే రాసే పని కూడా ఉంది. చదవనోడు ఎట్ల రాస్తడు?

అందుకే రెండు పనులు. ఒకటి, ఇంటి పన్నుతో పాటు జనం గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ పైసలతో నడిచే గ్రంథాలయాల్లో, మన గురుకులాల్లో గ్రూప్స్ గైడ్లతో పాటు నవలలూ పెట్టమని లిఖితపూర్వకంగా అడగండి. రెండు, మీ గదిలో ఒక నవల ఉంచండి. మీరు చదివినంక, "ఏం తింటరు" అని అడిగిన ఆ పిల్లగాడికే ఇయ్యండి.