పాడువడిన కట్టడము పూటకూళ్ల యిల్లైన విధము



మా పుట్టినింటి పాతగోడ పెచ్చులూడుచున్నదని కొన్నేండ్ల క్రిందట దానికి సిమెంటు పూయించిరి. నున్నగా, చూడముచ్చటగా నుండెను. రెండు వానకాలములు గడచునప్పటికి ఆ పూత పలకలు పలకలుగా నూడి, దానితో లోపలి యిటుకయు రాలినది. డంగుసున్నముతో కట్టిన గోడ తేమను పీల్చి మరల విడుచుచుండును. సిమెంటు ఆ త్రోవను మూసివేయును. ముసలి తాపీమేస్త్రి ఈ మాట ముందే చెప్పెనట. వినినవారు లేరు.

ఈ ముచ్చట మా యింట వచ్చినపుడు మావారు బడి భూపటమును విప్పి, కరిబియను సముద్రపు టంచున నువ్వుగింజంత ద్వీపము నొకదానిని చూపిరి. దాని పేరు ఆంటిగ్వా. వైశాల్యము 108 చదరపు మైళ్లు. అచట పాతగోడలను చెడగొట్టక నిలిపి, వానిని బాటసారులకు బసగా మార్చిన విధమును ఈ నెల మీకు విన్నవించెదను.

ఆ ద్వీపమునకు దక్షిణమున కొండల నడుమ ఇరుకైన లోతైన రేవు కలదు. గాలివానలకు అది చాటు. కావుననే ఆంగ్లేయులు 18వ శతాబ్దమున తమ యుద్ధనౌకలను బాగుచేసికొనుటకై అచట నొక నౌకాకర్మశాలను కట్టించిరి. పేరుగాంచిన నావికుడు నెల్సను 1784 మొదలు 1787 వరకు ఆ ప్రాంతమున కొలువు చేసెను; ఆ రేవనిన నతనికి బొత్తిగా గిట్టలేదు. నేడు ఆ చోటు అతని పేరుతోనే ప్రసిద్ధము! ఆవిరియోడలు వచ్చిన పిమ్మట రేవునకు పని తగ్గెను. 1889లో నౌకాదళము దానిని విడిచిపోయెను. అటుపైని కప్పులు కూలినవి, దూలములు చివికినవి, ముండ్లపొదలు మొలచినవి.

1951లో అప్పటి గవర్నరు బ్లాక్‌బర్న్ పూనికతో నొక సంఘ మేర్పడి, చందాలు ప్రోగుచేసి, కట్టడముల నొకటొకటిగా నిలువబెట్టెను. 1961లో ఆ స్థలమును తిరిగి తెరచిరి. అందు 1788 నాటి రెండంతస్తుల యిల్లొకటి కలదు. క్రిందిభాగమున ఓడలకు పూయు తారు, సీసము నిలువచేసెడివారు. మీద ఇంజనీర్లు కూర్చుండి వ్రాతకోతలు చేసెడివారు. దాని యిటుకలు సీమనుండి ఓడల యడుగున బరువుకొరకు వేసికొని తెచ్చినవి. తారు వాసన కొట్టిన ఆ కొట్టే నేడు అతిథులకు భోజనము పెట్టి పడకలు వేయు నిల్లు. ఇటుకగోడలను పూతతో కప్పలేదు. పాతదూలములను తట్టుతో దాచలేదు. కొత్తవారికి మొరటుగా తోచునేమో కాని, నాకు మాత్రము ఇదియే మెచ్చదగినదిగా తోచినది.

ఇల్లు నడపువారికి కష్టములు లేకపోలేదు. ఆ ద్వీపమున ఏడాది పొడుగున పారు నది యొక్కటియు లేదు. అనావృష్టి తరచు. పూర్వులు ఇంటికప్పుపై పడిన వాననీటిని గొట్టముల ద్వారా తొట్లలోనికి దింపి దాచుకొనెడివారు. వచ్చిన యతిథి యెల్ల ధారాళముగా స్నానమాడగోరును. నీరేమో ఆకాశము నుండి రావలెను. బిందె లెక్కపెట్టి వాడు గృహిణికి ఈ చిక్కు వేరుగ చెప్పనక్కరలేదు. ఇక సముద్రపు టుప్పుగాలికి ఇనుపమేకు తుప్పుపట్టి ఉబ్బి, తన్ను పట్టుకొనిన రాతినే చీల్చును. కావున మరమ్మతు ఏనాటికిని ముగియునది కాదు.

ఇంతవరకు సంతోషముగా చదివితిని. పిదప నొక మాట నన్ను నిలిపివేసినది. ఆ రాళ్లు మోసినవారు, ఆ గోడలు లేపినవారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలును, వారి సంతతియును. 1744 మార్చి 8వ తేదీన అచట మందుగుండు ప్రేలి ఎనమండుగురు బానిసలు మరణించిరి. ఎంతోకాలము వారి పేర్లైనను తలచినవారు లేరు. ఇటీవల చరిత్రజ్ఞులు పాత కాగితములు గాలించి ఆ పేర్లను వెలికితీసిరి. ఆ ద్వీపమున బానిసత్వము 1834 ఆగస్టు 1న తొలగెను. 2016లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో ఈ కర్మశాలను చేర్చినపుడు, తరతరముల బానిసల కాయకష్టము లేనిదే ఇది నిలిచియుండదని ఆ వ్రాతలోనే ఒప్పుకొనిరి.

అట్టి గోడల నడుమ మెత్తని పరుపుపై నిద్రించుట తగునా యని మావారి నడిగితిని. వారు తగదనలేదు, తగుననలేదు. నా మట్టుకు, కూలిపోనిచ్చుట కంటె నిలుపుటే మేలనిపించును. గోడ పడినచో కట్టినవాని గుర్తును పడిపోవును. అయితే అతిథికి చల్లని పానీయ మిచ్చు చేతితోనే ఆ ఎనమండుగురి కథయు ఇయ్యవలెను. నావికుని పేరు పలకపై చెక్కుటకు చోటున్నపుడు వారి పేర్లకు లేకపోవునా?

ఆ బసయింటి ప్రక్కనే లావైన రాతిస్తంభములు వరుసగా నిలిచియున్నవి. ఒకప్పుడు వానిపై తెరచాపలు కుట్టు విశాలమైన గది యుండెను. గాలివాన దాని కప్పు నెగురగొట్టెను. బాగుచేసినవారు వానిపై మరల కప్పు వేయలేదు. అవి నేటికిని అట్లే ఎండలో నిలుచున్నవి.